మేతకు వెళ్లిన నిద్ర

ధర్మపురి పక్క వెల్లిచందై ఊళ్లో హొన్నమ్మ ఇంట మధ్యాహ్నాలన్నీ ఒక్కలాగే గడిచేవి. గేదెలకు కుడితి పెట్టి, అన్నాలు తిని, మనవరాలు దేవిప్రియను మంచం మీద తల్లి ఒళ్లో పడుకోబెట్టేవారు. కన్ను మూతపడగానే పాప నిద్ర గోధుమరంగు మేకపిల్లయి మంచం దిగేది. పెరట్లో నాలుగు ఆకులు కొరికి, తల్లి పిలవగానే వచ్చి పాప చంక కింద తల దూర్చేది. అప్పుడు పాప కళ్లు తెరిచేది. పాలపళ్లు ఊడేదాకా ఆ ఇంటి పిల్లలందరికీ అంతే. పాప నాన్న రాజేంద్రన్ నిద్రయితే చిన్నప్పుడు పొరుగింటి గుమ్మడితీగను మొదలంటా మేసి, ఇంటికి తిట్లు మోసుకొచ్చింది.

దానికి ఒక్కటే కట్టుబాటు. ఎవరి ఒళ్లోంచి దిగి వెళ్లిందో వాళ్లే అరచేతిలో ఉప్పు పెట్టుకుని పిలవాలి. ఇంకొకరు గొంతు చించుకున్నా రాదు. అది రాకముందే లేపితే పిల్ల కన్నతల్లిని కూడా గుర్తుపట్టదు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడుస్తుంది.

దేవిప్రియ గుండెలో రంధ్రం ఉంది. తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి వేరే ఊళ్లో పరీక్ష చేసిన రోజు అదే జరిగింది. ముక్కూమొహం తెలియని ఆస్పత్రి మనిషి పాపను లోపలికి ఎత్తుకెళ్లాడు, నిద్ర అతని చేతుల్లోంచే దిగిపోవడంతో తిరిగి పిలిచేవాళ్లు లేకపోయారు. మత్తు దిగగానే పాప తన్నుకుంది, తొడ దగ్గర రక్తం చిమ్మింది. తడిసిన ఆ దుప్పటి తల్లి వెన్నిల కళ్లముందు నుంచి కదలనే లేదు. ఇప్పుడు మళ్లీ అదే దారిలో గొట్టం పంపి రంధ్రానికి మూత పెట్టాలి. లేచాక పాప కాలు విదిలిస్తే మళ్లీ రక్తమే.

ధర్మపురి ఆస్పత్రిలో మత్తు డాక్టరు సత్యప్రియ అంతా ఓపిగ్గా విన్నది.

"పాపను మీరే ఎత్తుకుని లోపలికి రండి. నిద్రపట్టేదాకా మీ ఒళ్లోనే ఉంటుంది. అయిపోయాక దీపాలు తగ్గిస్తాం, ఎవరూ తట్టి లేపరు. మేకపిల్లకి తలుపు ఓరగా తీసి ఉంచుతాం," అంది తమిళంలో.

"ఉప్పు భద్రం మే," అంటూ హొన్నమ్మ కోడలి కొంగున ముడి వేసింది.

ముక్కులో మత్తు చుక్కలు వేశారు. పాప రెప్పలు బరువెక్కాయి. మాస్కు పెట్టిన కాసేపటికి మేకపిల్ల వెన్నిల ఒళ్లోంచి దిగి బయటికి నడిచింది. వాకిట్లో కాపలా ఉన్న కుప్పుసామి కాళ్లు పక్కకు జరిపి దారిచ్చాడు.

ఇక వెన్నిలకు ఎదురుచూడటమే మిగిలింది. గోడకు చేతులు శుభ్రం చేసుకునే మందు సీసా తగిలించి ఉంది. ఒకసారి పూసుకుంది. గేదెల్ని ముట్టుకున్న చేతులు, పాపకు ఏ పురుగో అంటుకుంటే? మళ్లీ పూసుకుంది. గుండె దడ పెరిగిన ప్రతిసారీ వెళ్లి పూసుకుంది.

"మూత బాగా కూర్చుంది. ఇంక నిద్రను పిలుచుకోండి," అని చెప్పింది డాక్టరు.

మేకపిల్ల వరండా చివర పూలకుండీ దగ్గరుంది. వెన్నిల ఉప్పు పోసుకున్న అరచెయ్యి చాచి "దా, దా" అంది. అది పరుగున వచ్చి, అరచేతిని వాసన చూసి, చీదరించుకుని వెనక్కి తిరిగింది.

హొన్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "అయ్యో! ఏం పూసుకున్నావు మే? మేక మనిషిని కనుక్కునేదే చెయ్యి వాసనతో!"

"పురుగులు అంటుతాయని... మీరు పిలవండత్తా."

"నేను పిలిస్తే వస్తాదా? నీ ఒళ్లోంచి కదా పోయింది!"

వెన్నిల కుళాయి కింద చేతులు తోమింది, చీరకేసి రుద్దింది. వాసన పోలేదు.

సిస్టర్ తలుపులోంచి తొంగిచూసింది. "పాప రెప్పలు కదులుతున్నాయి."

మేకపిల్ల మెట్ల దాకా వెళ్లిపోయింది. తన చేతులారా పాపను చంపుకుంటున్నానని వెన్నిలకు ఏడుపు తన్నుకొచ్చింది. చెమట మెడ మీదుగా రవికెలోకి కారుతోంది. ఏమనుకుందో ఏమో, అక్కడే నేల మీద మోకాళ్లూని, పాడు చేతులు రెండూ వీపు వెనక దాచేసి, మెడ ముందుకు వంచింది.

మేకపిల్ల ఆగింది. మెల్లగా వచ్చి చెవి వెనక వాసన చూసింది. తరవాత గరుకు నాలుకతో ఆ చెమట నాకసాగింది. వెన్నిల ఊపిరి బిగబట్టి, మోచేతులతోనే దాన్ని పొదివి పట్టుకుని లోపలికి నడిచింది.

మసక వెలుతురులో అది పాప చంక కింద తల దూర్చి, మరి కనిపించలేదు. పాప కళ్లు తెరిచింది. అందరి చూపులూ ఆ కాలి మీదే ఉన్నాయి. కాలు కదల్లేదు, కట్టు తెల్లగానే ఉంది.

"అమ్మా," అంది దేవిప్రియ పెదాలు చప్పరిస్తూ, "నోరంతా ఉప్పగా ఉండాది."