పోచర్డ్ అంటే ఒక జాతి పక్షి

బెజవాడలో కాలితో తొక్కే అచ్చుయంత్రం మీద పుట్టిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుని నేను. నన్ను కూర్చిన పంతులుగారు ఓపికమంతులే గాని, 'పి' అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు జ్వరం తగిలింది. అందుకే నాలో కొన్ని మాటలకు అర్థాలు బొత్తిగా పొదుపుగా ఉంటాయి. పోచర్: దొంగతనంగా వేటాడువాడు. దాని కిందనే, పోచర్డ్: ఒక జాతి పక్షి. అంతే.

నన్ను కొన్న సత్తారు మాస్టారు కొల్లేటి గట్టు ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పారు. రెండుసార్లు నా అట్ట ఊడితే మైదాపిండి ఉడికించి ఆయనే అతికించారు. ఎవరికి ఏ మాట తెలియకపోయినా నన్నే తెరిచేవారు. నేను చెప్పింది నిజమా అని మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగింది నాంచారమ్మ. భర్త పోయాక ఆయన పడవ మీదే చేపలు పట్టి బతికిన మనిషి. మాస్టారు రిటైరైన ఏడాది ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"పచ్చుల్ని చూపిత్తానికి ఫారెస్టోళ్ళు పడవ గైడుని తీసుకుంటారంటండి. ఈ పేర్లన్నీ ఇంగ్లీషులో చెప్పాలంట. భుజం పడిపోయింది మాస్టారండీ, ఇంక వల ఇసరలేను. ఈ పనన్నా దొరక్కపోతే పడవ అమ్మేసుకోడమే."

నాలుగు రోజులు ఇద్దరూ నా ముందు కూర్చున్నారు. ఒక్కో పేరూ మాస్టారు చదివితే ఆమె వల్లించింది. పోచర్డ్ దగ్గర ఆగింది.

"అన్నీ పచ్చులేగా మాస్టారండీ. ఏ పచ్చి?"

మాస్టారు నన్ను తిరగేసి, మళ్ళీ తిరగేశారు. కాగితం మీది మసక బొమ్మ చూసి ఆమే నవ్వింది. "ఇది మా ములుగుడు బాతండి."

ఆదివారం పొద్దున్నే పరీక్ష. ధైర్యానికని నన్ను ప్లాస్టిక్ కవరులో చుట్టి పడవలో పెట్టుకుంది. ఎదురుగా రేంజరు వసుంధర, ఆమె పక్కన గార్డు. సగం దూరం వెళ్ళాక నాంచారమ్మ పడవ తోసే గెడ ఆపి చెయ్యి చాపింది.

"పోచర్స్ మేడం. రెండొందల దాకా!"

గార్డు కర్ర తీసుకుని లేచాడు. పడవ ఒరిగి రేంజరు ఒళ్ళోకి నీళ్ళు వచ్చాయి. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. దొంగలెవరూ లేరు, ఎర్రతలల బాతులు తాపీగా ఈదుతున్నాయి.

"పోచర్ అంటే దొంగవేటగాడమ్మా. ఇవి పోచర్డ్‌లు. వచ్చినవాళ్ళ ముందు ఇలా అంటే ఏమనుకుంటారు?" అని కాగితం మీద ఏదో రాసుకుంది.

నాంచారమ్మ ముఖం వాడిపోయింది. ఆ రెండు మాటల్నీ పక్కపక్కన మోస్తున్న నాకూ సిగ్గేసింది. ఆమె మళ్ళీ బాతులకేసి చెయ్యి చాపింది.

"పేరు తప్పేనండి. పచ్చిని గురించి చెప్పమంటారా? మామూలు బాతు తల ముంచి తోక పైకెత్తుద్ది. ఇది మొత్తం ములిగిపోద్ది. అడుగున నాచు, దుంపలు తిని ఇంకోకాడ తేలుద్ది. ఎగరాలంటే ముందు నీళ్ళ మీద పరిగెత్తాలి. ఆ పరుక్కి చోటుండాలని పడవ ఇక్కడే ఆపానండి."

రేంజరు కలం ఆగింది. కవరులోంచి నన్ను తీసి, తెరిచి, 'ఒక జాతి పక్షి' అని పైకే చదివింది.

"మీ పుస్తకం కంటే మీరే నయం. ఆ చివరి 'డ్' ఒక్కటీ నేర్చుకోండి. రేపట్నుంచి పనిలోకి రండి."

సాయంత్రం మాస్టారు ఆమెను కూర్చోబెట్టి, చెప్పిందంతా మళ్ళీ చెప్పించుకుని, నా అంచున నీలం సిరాతో రాశారు. నలభై ఏళ్ళ ముద్రిత జ్ఞానం పక్కన ఆ వంకర వాక్యాలు చేరాక నాకు కాస్త బరువు వచ్చినట్టనిపించింది.

మర్నాడు ఆమె పడవలో మొదట ఎక్కింది మాస్టారే. నన్నూ వెంట తెచ్చారు. ముప్పై ఏళ్ళు ఆ సరస్సు పక్కనే ఉండి ఆ బాతును ఆయన ఎన్నడూ చూడలేదట.

"ఏదీ?" అన్నారు.

"అదిగో. ఇప్పుడు ములిగింది. కాసేపు చూస్తా ఉండండి."

ముగ్గురం నీళ్ళకేసి చూస్తూ ఉన్నాం. మేమెవరం చూడని వైపు, పడవ పక్కనే, నీళ్ళ చప్పుడైంది; తిరిగేసరికి ఒక ఎర్రటి తల పైకొచ్చింది.

నా కడుపులో నలభై వేల మాటలున్నాయి. వాటిలో ఒకదాన్ని అంత దగ్గరగా, ప్రాణంతో చూడటం నాకు అదే మొదలు.