నిమ్మకాయకు దండం, నాకు నల్ల టేపు

నేను ఒక చిన్న పసుపు దీపాన్ని. కారు నడిపేవారి కళ్లెదురుగా, స్పీడు చూపించే ముల్లు కింద, వేలిగోరంత చోటులో ఉంటాను. నా మీద ఇంజను బొమ్మ గీశారు. అది ఇంజనని ఎవరైనా చెబితే తప్ప తెలియదు లెండి. కొందరు బోరు మోటారు అనుకుంటారు, కొందరు కుళాయి అనుకుంటారు. ఇంజనుకు ఒంట్లో బాగోలేనప్పుడు వెలగడం నా ఉద్యోగం. అది బాగున్నంత కాలం చీకట్లో పడి ఉండాలి. ఇదేం బతుకో మీరే చెప్పండి.

నాకు అసూయ ఎక్కువ. దాచుకోను. హెడ్‌లైట్లను రోజూ తడిగుడ్డతో తుడుస్తారు, వాటిమీద ఒళ్లు మండుతుంది. ఇండికేటర్లు టిక్కు టిక్కుమని కులుకుతుంటే చూడలేను. ఇక హారన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, పనున్నా లేకపోయినా దాన్ని ముద్దు చేస్తూనే ఉంటారు. నేను వెలిగితే మాత్రం, "దీని మొహం మండ, మళ్లీ వచ్చింది!" అంటారు. వాళ్ల కోసమేగా వెలిగింది!

మద్రాసు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టి, ఈ తెల్ల కారులో బిగించబడి, రాజమండ్రిలో ఒక బ్యాంకు మేనేజరు గారింటికి చేరాను. పెద్ద చదువులు చదివిన మనిషి. ఒకనాడు నేను వెలిగితే కళ్లజోడు సర్దుకుని చూసి, "కారు బాగానే పోతోందిగా, దీనికేం రోగం?" అని నా ముఖం మీద నల్ల టేపు ముక్క అంటించారు. ఇంజను జబ్బు అంతటితో నయమైపోయిందని ఆయన నమ్మకం. ఆ టేపు వెనక ఎన్నాళ్లు వెలిగానో, ఎన్నాళ్లు ఆరానో ఎవరికి కావాలి!

ఆయన ట్రాన్స్‌ఫరై వెళుతూ కారును నూకరత్నానికి అమ్మేశారు. నూకరత్నం సామర్లకోటలో పెళ్లికూతుళ్లను ముస్తాబు చేస్తుంది. సొంత సంపాదనతో కొనుక్కున్న మొదటి కారు ఇది. సీట్లో కూర్చోగానే ఆవిడ చేసిన మొదటి పని, గోరుతో ఆ టేపు పీకడం. "అయ్యో, పాపం దీన్నెందుకు మూసేశారూ?" అంది. అంతే. ఆ రోజునుంచి ఆవిడ నా మనిషి. ఆవిడ చూపు ఇంకెటు తిరిగినా నాకు కడుపు మంటే.

ఆ ఇంట్లో ఆవిడ అత్తగారు సత్తెమ్మ ఉంది. కొడుకు విశాఖ రేవులో పని చేస్తూ ఎప్పుడో గాని రాడు గనక, అత్తాకోడళ్లే ఒకరికొకరు. సత్తెమ్మ భర్త లారీ డ్రైవరు, చనిపోయి చాలా కాలమైంది. ఆయన దగ్గర నేర్చుకుందో ఏమో, బానెట్ ఎత్తి నీళ్లు చూడటం ఆవిడకు బాగా వచ్చు. వీధిలో మొదట కారు నడిపిన ఆడది తన కోడలేనని గర్వం, అంతకు రెట్టింపు భయం. అందుకని ప్రతి శనివారం కారు ముందు బొట్టు పెట్టిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టేది.

ఒక పెళ్లిలో కుర్రకారు దాన్ని చూసి నవ్వారు. "అందరికీ దిష్టిచుక్క పెట్టే మేడం గారి కారుకే దిష్టా?" అన్నారు. నూకరత్నానికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే, "అత్తయ్యా, ఆ నిమ్మకాయ తీసేద్దామండీ. పెళ్లివారు నవ్వుతున్నారు," అంది. సత్తెమ్మ వెంటనే తీసేసింది. నేనెంత సంబరపడ్డానో! ఒక పోటీ తగ్గిందనుకున్నాను.

ఎక్కడ తగ్గింది? ఆ వచ్చే శనివారం కోడలు స్నానానికి వెళ్లగానే, నీళ్లు చూసే వంకతో సత్తెమ్మ బానెట్ తెరిచింది. కొంగులోంచి తీసిన నిమ్మకాయను ఇంజను పక్కనున్న వైర్ల కట్టకు కట్టింది. కళ్లకు అద్దుకుని మూత వేసేసింది. నేను గాజు వెనక నుంచి అంతా చూశాను. చూసి ఏం చెయ్యను? నాకు నోరుందా!

ఇంజను వేడికి ఆ నిమ్మకాయ మెత్తబడి, రసం కిందనున్న సెన్సార్ ప్లగ్గులోకి దిగేది. ఆ వైరు నా దగ్గరకొచ్చి లబోదిబోమని మొత్తుకునేది. నాకు తెలిసిందల్లా వెలగడమే గనక వెలిగేదాన్ని. నూకరత్నం కారును మెకానిక్ దొరబాబు షెడ్డుకు తీసుకెళదామంటే, సత్తెమ్మ ముందే నిమ్మకాయ విప్పి దాచేసేది. కట్టిన చెయ్యి కాక ఇంకో చెయ్యి తగిలితే పోయిన దిష్టంతా తిరిగి వస్తుందని ఆవిడ లెక్క. దొరబాబుకు ప్లగ్గులో చిలుము కనపడేది గాని, దాని కారణం కనపడేది కాదు. స్కానర్ తగిలించి, "సెన్సార్ పోయిందని చెబుతోందక్కా," అనేవాడు. నేను వెలిగితే నమ్మరు గాని, ఆ ప్లాస్టిక్ డబ్బా చెబితే బ్రహ్మవాక్కు. సెన్సార్ మార్చి, నన్ను ఆర్పి పంపించేవాడు.

కారు ఇంటికి చేరగానే సత్తెమ్మ, "మళ్లీ షెడ్డుకెళ్లొచ్చింది, ఎవరి కళ్లు పడ్డాయో!" అని ఇంకా పెద్ద నిమ్మకాయ కట్టేది. నాలుగు రోజులకు నేను మళ్లీ వెలిగేదాన్ని. నా కడుపు మంట అర్థమైందా? నేను గొంతు చించుకుంటుంటే కొత్త నిమ్మకాయ దానికి వస్తోంది! దానికి దండం, నాకు తిట్లు.

చివరికి నూకరత్నం విసిగిపోయింది. నావైపు చూసి, "ఈసారిగాని వెలిగావంటే కారు ఎక్స్‌ఛేంజ్ మేళాలో ఇచ్చేస్తాను. నా వల్ల కాదు," అంది. వెలిగితే నా మనిషి నన్ను వదిలేస్తుంది. వెలగకుండా ఉందామంటే అది నా చేతిలో లేదు. లోపల ఆ నిమ్మకాయ హాయిగా ఊరుతోంది.

జగ్గంపేటలో పెళ్లి రోజు. పొద్దున్నే మేకప్ పెట్టె, పూలజడ కారులో పెట్టుకుని అత్తాకోడళ్లు బయల్దేరారు. పెద్దాపురం దాటామో లేదో, వైరు కేక పెట్టింది. వెలిగాను. నూకరత్నం ముఖం నల్లబడింది. ఇంజను దగ్గి దగ్గి రోడ్డు పక్కన ఆగిపోయింది. ఫోను చేస్తే దొరబాబు బండి మీద వచ్చాడు. అతను బానెట్ మీద చెయ్యి వేశాడో లేదో సత్తెమ్మ కిందకు దూకి, "ఆగు నాయనా, నువ్వు ఎత్తకు! ముందు నేను చూస్తాను!" అంటూ పరుగెత్తింది.

అప్పటికే మూత లేచింది.

"ఇదేంటండి బామ్మగారూ! ఇంజనుకు పులిహోర పెడుతున్నారా?" అన్నాడు దొరబాబు. నిమ్మకాయ కింద ప్లగ్గు పట్టి చూస్తే లోపలంతా మళ్లీ పచ్చటి చిలుము. "నేను ఎన్ని సెన్సార్లు మార్చితే ఏం లాభం అక్కా, మందు వేసిన చోటే మళ్లీ పులుపు పోస్తుంటే!"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. దొరికింది దొంగ! ఇక తిట్టు, బాగా తిట్టు అని నూకరత్నం వైపు చూశాను. ఆవిడ నోరు తెరిచింది కూడా.

సత్తెమ్మ రోడ్డు మీద నిలబడి కొంగు నలుపుకుంటోంది. "మీ మావయ్య చివరిసారి లారీ ఎక్కిన రోజున నిమ్మకాయ కట్టలేదమ్మా రత్నం. బజార్లో దొరకలేదులే, రేపు కడదాంలే అనుకున్నాను. ఆ మనిషి మళ్లీ రాలేదు. నువ్వు వద్దన్నావని తీసేశాను గాని, నువ్వు తాళం తీసుకున్న ప్రతిసారీ నా ప్రాణం నిలవలేదే."

నూకరత్నం మేకప్ పెట్టెలోంచి కనుబొమలు దిద్దే బ్రష్ తీసి దొరబాబుకిచ్చింది. అతను దానితో చిలుమంతా గోకి ప్లగ్గు బిగించాడు. ఇంజను లేచింది. నూకరత్నం ఆ నిమ్మకాయ దారాన్ని అత్తగారి చేతిలో పెట్టి, "కారు ముందే కట్టండత్తయ్యా. అందరికీ కనపడేలాగే కట్టండి. నవ్వేవాళ్లను నవ్వనియ్యండి," అంది. ముహూర్తానికి ముందే పెళ్లింటికి చేరాం. కారు అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

అలా నేను గెలిచాను. గెలిచి ఏం బావుకున్నాను? నేను ఆరిపోయి మూల కూర్చున్నాను. నిమ్మకాయేమో దర్జాగా కారు ముందు గాలికి ఊగుతోంది.

ఆ శుక్రవారం సత్తెమ్మ కారులోకి వంగి, "నువ్వు మొత్తుకుంటూనే ఉన్నావు, మేమే వినలేదు తల్లీ," అని కుంకుమ తీసి, సరిగ్గా నా ముఖం మీద ఇంత బొట్టు పెట్టింది. ఇన్నేళ్లు కుళ్లుకున్నది దీనికే. వచ్చింది. వచ్చి కళ్లు మూసేసింది. మేనేజరు గారి టేపుకీ దీనికీ రంగు ఒక్కటే తేడా.

నూకరత్నం అత్తగారికి చెప్పి బయల్దేరింది. సందు మలుపు తిరిగాక కారు ఆపింది. నా మీది కుంకుమను బొటనవేలితో తుడిచి, ఆ వేలితోనే తన నుదుట పెట్టుకుంది. తాళం వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పింది. అలా తిప్పినప్పుడు దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరతాయి, నేనూ వెలుగుతాను. మిగతా వాటిని వదిలేసి ఆవిడ నన్నే చూసింది. నేను వెలిగి ఆరేదాకా చూసి, "పద," అంది.

కారు ముందు ఆ నిమ్మకాయ ఊగుతోంది. ఊగనియ్యండి. దాని మీది బొట్టు తీసి ఎవరూ నుదుట పెట్టుకోలేదు.