మాలబిక కొన్న హబ్

నిరుపమ్ మాట్లాడాలంటే అతని కళ్లు కదలాలి, ఇంట్లో కరెంటుండాలి, ల్యాప్‌టాప్‌కు తగిలించిన కెమెరా మధ్యలో ఆగిపోకుండా ఉండాలి. కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. టాలీగంజ్‌లో కరెంటూ అంతగా పోదు. వచ్చిన చిక్కల్లా కెమెరాతోనే.

కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే జబ్బు అతనిది. మూడేళ్ల కిందటి వరకు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చునేవాడు. ఆదివారాలు పేటలో జరిగే ఫుట్‌బాల్ పోటీలకు మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెప్పేవాడు. మైకు చెడిపోయినా మైదానం అవతలి గోడ దాకా వినిపించే గొంతు. ఇప్పుడు అతని చూపు తెర మీద ఏ అక్షరం దగ్గర నిలిచిందో కెమెరా కనిపెడుతుంది, ఆ అక్షరం పడుతుంది, మాట పూర్తికాగానే స్పీకరు పైకి చదువుతుంది. ఒక వాక్యానికి పది నిమిషాలు.

ల్యాప్‌టాప్‌కున్నవి రెండే పోర్టులు. ఒకటి చార్జరుకే పోతుంది. మిగిలిన ఒక్కదానికి కెమెరా, స్పీకరు, అతను చెంపతో నొక్కే పిలుపు గంట, భార్య మాలబిక వాడే మౌసు, ఇవన్నీ తగలాలి. అందుకని ఆమె వీధి చివరి దుకాణంలో, ఒక పోర్టును నాలుగు చేసే చిన్న హబ్ కొనుక్కొచ్చింది. దానికి అన్నీ తగిలించాక స్పీకరు గట్టిగా పలికినప్పుడల్లా కెమెరా దీపం ఆరిపోవడం మొదలైంది.

సోమవారం డాక్టర్ లాహిరి వచ్చింది. మంచం పక్కన కూర్చుని, ఏదీ దాచకుండా ఇద్దరికీ చెప్పింది.

"దాదా, మీ ఊపిరితిత్తులు బాగా అలిసిపోయాయి. గొంతులోంచి గొట్టం వేసి మెషిన్ పెడితే ఇంకొన్నేళ్లు ఉండొచ్చు. వద్దనుకుంటే మిగిలినవి వారాలే. ఇది మీరే చెప్పాలి. మాలబికా దీదీ కాదు, నేనూ కాదు. శనివారం వస్తా, ఆలోచించి పెట్టండి."

ఆ సాయంత్రమే నిరుపమ్ రాయడం మొదలుపెట్టాడు. 'ఆమి' అంది స్పీకరు బెంగాలీలో. నేను. కాసేపటికి 'నల్'. గొట్టం. ఇంకాసేపటికి 'చాయ్'. కోరుకుంటున్నాను. ఆ మాట పలుకుతుండగానే కెమెరా దీపం ఆరిపోయింది. మాలబిక అతని నుదురు ముద్దు పెట్టుకుని, "చాలు నిరూ, అర్థమైంది. ఇక అలిసిపోకు" అంది. అవతలి గదిలోకి వెళ్లి డాక్టరుకు ఫోన్ చేసి, "గొట్టం కావాలన్నాడు" అని చెప్పేసింది.

మంగళవారం, బుధవారం, గురువారం ల్యాప్‌టాప్ మూసే ఉంది. వైర్లు సరిగా లేవని అందరికీ చెప్పింది. నిరుపమ్ మూసిన ల్యాప్‌టాప్ వైపు చూసేవాడు, ఆమె వైపు చూసేవాడు, చివరికి గోడ వైపు చూడసాగాడు. పగటిపూట అతన్ని చూసుకునే కనక్ మాసి శుక్రవారం పొద్దున అతని ఒళ్లు తుడుస్తూ ఉండబట్టలేక అనేసింది.

"నోట్లో గుడ్డ కుక్కిన మనిషిలా చూస్తున్నాడమ్మా. ఎన్నాళ్లు ఇలా? ఆ వైరో ఏదో పోయి కొనుక్కురాకూడదూ?"

మాలబిక ల్యాప్‌టాప్, కెమెరా, స్పీకరు అన్నీ సంచిలో సర్దుకుని మెట్రో ఎక్కింది. కరెంటు సామాన్ల బజారు చాందినీలో దిగి, ఇరుకు సందుల్లో వేలాడే వైర్ల గుత్తులు తప్పించుకుంటూ, ఎవరో చెప్పిన మన్సూర్ కొట్టు వెతికి పట్టుకుంది. కొట్టంటే మనిషి కూర్చుంటే మిగిలినచోట మోకాళ్లు పట్టేంత. మన్సూర్ అరవై దాటినవాడు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని టీ తాగుతున్నాడు. వదినా అని పిలిచినట్టు బౌదీ అని పలకరించాడు.

"చెప్పండి బౌదీ. ఎన్ని పోర్టులు కావాలి? ఏడా? పదా? లైట్లు వెలిగేదుంది, మీ అబ్బాయి ఆటలాడుకుంటాడా?"

"అబ్బాయి లేడు. ఆటలకు కాదు." ఆమె సంచిలోవన్నీ బల్ల మీద పెట్టింది. "ఇవన్నీ ఒక్కసారే పనిచేయాలి. ఒక్క క్షణం కూడా ఆగకూడదు."

ఆమె పాత హబ్‌ను మన్సూర్ రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "దీన్ని ఎవడు అంటగట్టాడు మీకు? పోర్టులు పెంచుతుందంతే, కరెంటు పెంచదు. ల్యాప్‌టాప్ ఇచ్చే కాస్త కరెంటునే నలుగురూ పంచుకోవాలి. మీ స్పీకరు గొంతెత్తిందంటే కెమెరా వాటా తినేస్తుంది. కెమెరా నీరసించి పడిపోతుంది." అరలోంచి ఇంకోటి తీశాడు. "ఇది చూడండి, టీవీకి తగిలించొచ్చు, కార్డులు పెట్టొచ్చు. అందంగా ఉంటుంది. మీకు పనికిరాదు." దాన్ని పక్కన పెట్టేశాడు. అడుగున ఉన్న పెట్టెలోంచి బరువైన ఇనప పట్టీ లాంటిది బయటికి లాగాడు. "ఇదీ మీది. దీని అడాప్టరు దీనికుంది, గోడకు తగిలించుకోవాలి. కరెంటు కోసం ల్యాప్‌టాప్‌ను అడుక్కోదు."

"మధ్యలో కరెంటు పోతే?"

"ఇన్వర్టరుందా?"

"ఉంది."

"అయితే ఆ లైనుకే తగిలించండి. తెచ్చారుగా అన్నీ, ఇక్కడే చూసుకుని తీసుకెళ్లండి."

అతను అన్నీ తగిలించి, కళ్లజోడు దించుకుని, కెమెరా ముందు తనే కూర్చున్నాడు. తన పేరు రాస్తానన్నాడు. 'మ' దగ్గర చూపు నిలపబోతే 'భ' పడింది. చెరిపాడు. మళ్లీ 'భ'. పక్క కొట్టువాడు తొంగిచూసి, "ఏంటి చాచా, పెళ్లిచూపులా? రెప్ప వేయడం లేదు!" అని నవ్వాడు. మన్సూర్ నవ్వలేదు. మూడక్షరాలు పడేసరికి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అంగీ చేత్తో తుడుచుకున్నాడు.

"మీ ఆయన రోజూ ఇలాగే మాట్లాడతాడా?"

"అవును."

"అల్లా." తెర మీద తన అక్షరాలకు పైనున్న వరుస చదివాడు. "ఇది ఆయన రాసిందేనా? 'నాకు గొట్టం కావాలి' అని."

"ఊపిరాడ్డానికి. పెట్టించుకుంటానన్నాడు. బతకాలనుకుంటున్నాడు."

"మంచిది, మంచిది." మన్సూర్ తెరకు ఇంకాస్త దగ్గరగా వంగాడు. "కాని బౌదీ, 'చాయ్' తర్వాత చుక్క పెట్టలేదే. ఇంకేదో రాయబోయాడేమో పాపం. ఇది ఎప్పటిది?"

"సోమవారం."

"సోమవారమా! మరి ఈ నాలుగు రోజులూ? మౌసూ స్పీకరూ పీకేసి కెమెరా ఒక్కదాన్నే తిన్నగా ల్యాప్‌టాప్‌కు గుచ్చితే సరిపోయేదిగా. పలక్కపోయినా రాత పడేది."

అతను తప్పు పట్టడానికి అన్నది కాదు. అయినా మాలబిక చెవులు వేడెక్కాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒకసారి రెప్ప వేస్తే అవునని, రెండుసార్లు వేస్తే కాదని వాళ్లిద్దరికీ ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు. యంత్రం లేకుండానే అడిగి ఉండొచ్చు. బెంగాలీలో వద్దనడానికి 'చాయ్' తర్వాత 'నా' అని ఒక్క అక్షరం చేరిస్తే చాలు. ఆ అక్షరం కోసం నిరుపమ్ కళ్లు తెర మీద వెతుకుతుండగానే ఆమె అతని నుదురు ముద్దు పెట్టుకుని ల్యాప్‌టాప్ మూసేసింది.

"తట్టలేదు దాదా" అంది.

మన్సూర్ ఆమె మొహం చూశాడు. పొడవాటి వైరు ఒకటి వెతికి, హబ్‌తో పాటు పెట్టెలో పెట్టి, "ఆగితే వెంటనే కబురు పెట్టండి, నేనే ఇంటికొచ్చి చూస్తా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. హబ్‌ను గోడకు తగిలించి, ఒక్కొక్కటే గుచ్చింది. నాలుగు దీపాలు వెలిగాయి. మంచం తల వైపు ఎత్తి, తెరను నిరుపమ్ మొహానికి ఎదురుగా జరిపి, పక్కన కూర్చుంది. కనక్ మాసి గుమ్మంలో నిలబడింది.

అతను ముందు ఆమెను చూశాడు. తర్వాత తెరను. పాత వరుస అలాగే ఉంది. దాని చివరకు చూపు తీసుకెళ్లి, 'న' మీద నిలిపాడు. దీపం ఆరలేదు. దీర్ఘం మీద నిలిపాడు. చుక్క పెట్టాడు.

"ఆమి నల్ చాయ్ నా" అంది స్పీకరు, ప్రతి అక్షరమూ స్పష్టంగా.

"లేదు" అంది మాలబిక. "లేదు నిరూ. నీకు అలసటగా ఉంది, తప్పు పడింది. నేనూ ఉన్నాను కదా, మాసి ఉంది కదా, మెషిన్ అన్నీ చూసుకుంటుంది. ఇంకొన్నేళ్లంది డాక్టరు. నేను ఒక్కదాన్ని ఏం చేయను? నన్నడిగావా?" గొంతు పెరిగి పెరిగి కేక అయింది. "నోరున్నన్నాళ్లూ నన్నడక్కుండా చేప ముక్క కూడా కొనలేదే! ఇప్పుడు ఇంత పెద్ద మాట నీ అంతట నువ్వే ఎలా అంటావు?"

అతను రాశాడు. ఆమె ఏడుస్తూ కూర్చుంది. చాలాసేపు పట్టింది.

"నాలుగు రోజులు నువ్వు అడగలేదు. అందుకే నీకు తెలుసని నాకు తెలుసు."

ఆమె అతని చేతిలోకి తల వాల్చేసింది. ఆమె జుట్టును నిమరాలన్నా ఆ చెయ్యి కదలదు. స్పీకరు మళ్లీ పలికింది.

"కోపం లేదు. భయమేస్తే నేనూ అదే చేసేవాణ్ణి. మాలా, డాక్టరుకు ఫోన్ చెయ్యి."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాక కూడా ఎంతోసేపు నంబరు నొక్కలేకపోయింది. అవతల డాక్టరు "చెప్పండి దీదీ" అన్నాక, "నేను చెప్పింది తప్పు. వద్దన్నాడు" అని ఆ నాలుగు మాటలూ అతనికి వినబడేలా అక్కడే కూర్చుని చెప్పింది. కనక్ మాసి కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నిరుపమ్ పందొమ్మిది రోజులు బతికాడు. హబ్ ఒక్కసారి కూడా ఆగలేదు. తనకోసం ఏదో పెద్ద మాట రాస్తాడని మాలబిక రోజూ ఎదురుచూసేది. అతను మాత్రం ఫ్యాను కిర్రుమంటోందని, మాసి పప్పు మాడిందని వాసనే చెబుతోందని, మైదానంలో ఎవరో కొత్తవాడు వ్యాఖ్యానం చెత్తగా చెబుతున్నాడని, కిటికీ ఇంకాస్త తెరవమని రాసేవాడు. ఇరవయ్యో రోజు పొద్దున పదకొండింటికి, ఆమె అతని గడ్డం గీస్తుండగా, ఒక చెంప అయ్యి రెండో చెంప కాకముందే, ఊపిరి ఆగిపోయింది. మాలబిక రెండో చెంప కూడా గీసి, మొహం తుడిచి, అప్పుడు మాసిని పిలిచింది.

శ్రాద్ధం రోజున డాక్టర్ లాహిరి వచ్చింది. మాలబిక చేతులు పట్టుకుని, "ఆయన మాట నిలబెట్టారు దీదీ. అందరివల్లా కాదు" అంది.

"నేను నాలుగు రోజులు ఆయన నోరు మూశాను" అంది మాలబిక. "ఆ నాలుగు రోజుల్లో ఏమేం చెప్పాలనుకున్నాడో నాకిక తెలియదు."

డాక్టరు చెయ్యి వదలకుండా, భోజనాల బంతి లేచేదాకా ఆమె పక్కనే కూర్చుంది.