సూర్యావతి నిండు మొహం

అంబాజీపేట కొబ్బరి కొట్లలో పనిచేసే ఆడవాళ్లంతా సూర్యావతి మొహం చూసి కుళ్లుకునేవారు. నలభై దాటింది, పొద్దస్తమానం చిప్పల్లోంచి కొబ్బరి తీసే మనిషి, అయినా బూరెలా నిగనిగలాడిపోతోంది. మీ ఆయన ఏం పెడుతున్నాడే అని ఎకసెక్కాలాడేవారు. ఆ మాట విన్నప్పుడల్లా మొగుడు వీర్రాజు మీసం దువ్వుకునేవాడు.

ఎనభైల తొలినాళ్ల మాట ఇది. ఆ నిండుదనం ఎక్కడిదో మనలో ఒక్కరూ అడగలేదు.

ఒక ఉదయం ఆమె కుడిచేతిలోంచి కత్తి జారిపోయింది. కొట్లోనే ఫిట్స్ వచ్చి పడిపోయింది. గాలి సోకిందన్నారు కొందరు. వీర్రాజు వినలేదు, గోదావరి దాటించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మందులేమైనా వాడుతోందా అని అడిగితే లేదన్నాడు. అబద్ధమాడలేదు, అతనికి తెలిసింది అంతే.

పుర్రెకు కన్నం చేసి మెదడులోని చీము తీశారు. క్షయ అనుకుని మందులిచ్చారు. గుణం లేదు. సూర్యావతికి మాట కూడా తడబడసాగింది.

ల్యాబులో సరోజిని గారని ఒక డాక్టరమ్మ. మామిడికుదురు మనిషి, పాలేరు మనవరాలు. చీము వేసిన గాజు పళ్లెంలో ఏమీ మొలవలేదని పారెయ్యబోతే ఆవిడ పారెయ్యనివ్వలేదు. నిదానంగా పెరిగేవి కొన్నుంటాయి, ఆగండని కూర్చుంది. చివరికి సున్నం చుక్కల్లాంటివి మొలిచాయి. తొలకరి మట్టివాసన. నొకార్డియా అనే మట్టి సూక్ష్మజీవి అది. గట్టి ఒంటిని అది పెద్దగా ఏమీ చెయ్యలేదు. మరి ఈవిడ తలలోకి ఎలా పోయింది?

ఆ ప్రశ్న నిలవనివ్వక, ల్యాబు వదిలి మంచం దగ్గరికి వచ్చింది.

"ఈవిడ మొహం మొదట్నించీ ఇంత గుండ్రంగా ఉండేదా?"

"లేదండీ, ఈమధ్యే ఒళ్లు చేసిందండీ," అన్నాడు వీర్రాజు గర్వంగా. "కీళ్లనొప్పులకి పొట్లం వేసుకుంటందండీ. అప్పట్నించీ ఆరోగ్యమేనండీ, ఆయ్."

"మందులేం వాడట్లేదన్నారుగా?"

"మందు కాదండీ, పొట్లమండీ. కొట్లో ఆడాళ్లందరూ పంచుకుంటారండీ."

ఆ పొట్లంలోని పేరులేని బిళ్లలు స్టెరాయిడ్లు. "అది ఆరోగ్యం కాదు బాబూ, వాపు," అంది సరోజిని. "నొప్పితో పాటు ఒంట్లో కాపలావాళ్లని కూడా నిద్రపుచ్చేసింది. తలుపు తెరిచుంది, మట్టి లోపలికొచ్చింది."

మీసం మీదికి పోబోయిన వీర్రాజు చెయ్యి కిందికి దిగిపోయింది.

క్షయ మందులు ఆపి సల్ఫా బిళ్లలు మొదలుపెట్టారు. ఏడాది పైనే మింగించారు. స్టెరాయిడ్లు కొంచెం కొంచెంగా తగ్గించారు. మాట తిరిగొచ్చింది, చెయ్యి లేచింది. పెద్ద యంత్రం కాదు, పారెయ్యబోయిన పళ్లెం ముందు ఓపిగ్గా కూర్చున్న ఒక మనిషి, సిగ్గుపడకుండా అడిగిన ఒక ప్రశ్న ఆమెను బతికించాయి. అలాంటి మనిషికి దండం పెట్టాలి.

సూర్యావతి కొట్లోకి తిరిగొచ్చిన రోజున అందరూ అయ్యో అన్నారు.

"ఎంత చిక్కిపోయేవు వదినా!"

"చిక్కలేదమ్మా. నా మొహం ఇదే. అది బిళ్లల మొహం."

పక్కన కూర్చుని కొబ్బరి తీసే లోవమ్మ మెల్లగా కొంగుముడి విప్పింది. అందులో అదే పొట్లం. "అయితే దీన్ని కాలవలో పారేసెయ్యనా?"

"పారెయ్యకు. ఒక్కసారిగా మానితే అదీ ప్రమాదమంట. అది పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి పద, నేనూ వస్తాను."

ఇద్దరూ బయల్దేరారు. వెనకాలే ఇంకో నాలుగు కొంగుముళ్లు కదిలాయి.

పేరు చెప్పని బిళ్ల మింగకండి. మింగుతుంటే డాక్టరు దగ్గర దాచకండి.