అర అడుగు తక్కువ మంచం

1970 శ్రావణంలో ఆగని వానకు మా శాలిబండ ఇంటి వెనక గది కూలింది. మనుషులం బతికాం. ఉన్న ఒక్క మంచం దూలాల కింద నుజ్జయింది. ఇంటి యజమాని ఆ దూలాలను పొయ్యికి వాడుకొమ్మన్నాడు.

నా భార్య మాణిక్యమ్మ ఒకదాని మీది మట్టి తుడిచి, గోటితో గీకి చూసింది.

"టేకు గిది. పొయ్యిల పెడ్తరా ఎవరన్న? మంచం చేస్త."

"నీకు వడ్లపని వస్తదా?"

"లెక్కల సారువే గదా, నీకు పుట్టంగనే లెక్కలొచ్చినయా?"

వీధి చివర వడ్రంగి పనిచేస్తుంటే వెళ్లి నిలబడి చూసేది. రంపం, ఉలి అడిగి తెచ్చుకుంది. ఆమెకు అక్షరాలు రావు. ఎంత పొడుగు కావాలని నన్నడిగింది. ఆరడుగులన్నాను. నా బడి అడుగు స్కేలును ఆరుసార్లు పెట్టి గీత గీసింది.

ఆ స్కేలుకు మొదటి అంగుళం లేదు. పిల్లల ముందు బల్లమీద కొట్టి కొట్టి నేనే విరగ్గొట్టాను. ఒకటి దగ్గర మొదలుపెట్టి కొలవడం నాకు అలవాటు. ఆమెకు చెప్పాలని తోచలేదు. మంచం అయిదున్నర అడుగులే వచ్చింది. నవారు అల్లి పడుకుంటే నా పాదాలు బయట వేలాడాయి.

మాణిక్యమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. "పోరగాండ్లకు గూడ గిట్లనే చెప్తున్నవా సారూ, లెక్కలు?"

తర్వాత ఆమె స్కేలు ముట్టలేదు. కుర్చీ చేసిమ్మని అడిగిన ఇరుగుపొరుగువాళ్ల మోకాలి నుంచి నేలకు దారం పట్టి ముడి వేసేది. కూల్చిన దేవిడీల, అంటే పాత నవాబుల భవంతుల తలుపులు, దర్వాజాలు అఫ్జల్‌గంజ్‌లో అబ్దుల్ వాహెద్ అమ్మేవాడు. "క్యా అమ్మా, పొయ్యిలకా?" అని మొదట్లో ఎగతాళి చేసినవాడే, రెండేళ్లకు గిరాకీని మా ఇంటికి పంపాడు.

"మేకుల బొక్కలు మైనం పెట్టి మూసెయ్యమ్మా. కొత్తదనుకుంటరు."

"పాతదాన్ని పాతదనే ఇస్త భాయ్. దాని ఉమర్ నేనెందుకు దాస్త? వయసొస్తె సిగ్గా?"

మోకాళ్ల నొప్పులతో నేలమీద నమాజు చేయలేని ఇక్బాలున్నీసా బేగం ఒక కుర్చీ చేయించుకుంది. వెనక చెక్క తడుముతుంటే ఆమె వేలు ఒక గుంట దగ్గర ఆగింది.

"ఇది కూల్చిన మా దేవిడీ దర్వాజా గొళ్లెం ఉన్న జాగా కదా?"

"అవునమ్మా, మీదే. జర కూసోండ్రి."

ముసలామె కూర్చుంది. కుర్చీ కిర్రుమనలేదు. మాణిక్యమ్మ నావైపు చూసింది. ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాను. ఏనాడూ అంత గర్వంగా నిలబడలేదు.

"మరి నా మంచం?" అని ఏటా అడిగేవాణ్ణి.

"ముందు ఊరోళ్లవి కానియ్యి. కాళ్లు ముడుసుకొని పండు."

పన్నెండేళ్లు ముడుచుకొనే పడుకున్నాను. పోయిన దసరాకు నన్ను నేలమీద పడుకోబెట్టి, తల నుంచి మడమదాకా దారం పట్టి, జానెడు కలిపి ముడి వేసింది. ఒక దర్వాజా నుంచి పొడవాటి పట్టెలు రెండు ఎంచి మేకులు పీకింది. ఒకదానికి చిత్రిక పట్టి నున్నగా చేసింది. మాఘంలో మాణిక్యమ్మకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులకు ఆమె పోయింది.

నలభై రోజులకు వాహెద్ వచ్చాడు. "మాస్టర్ సాబ్, మంచం మా మిస్త్రీతో బిగించి ఇప్పిస్తా."

"కొలత ఉన్నది భాయ్. ఆమె దారం లెక్క తప్పదు. పని నేను నేర్చుకుంట."

దారం గోడ మేకుకు వేలాడుతోంది. చిత్రిక ఇంకా నా చేతికి లొంగలేదు. రెండో పట్టె పని మిగిలి ఉంది.