పిన్ని పన్ను

పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా చేరినప్పటి నుంచీ పిచిక ఒక్క అబద్ధమూ ఆడలేదు. నువ్వెవరివని అక్కడ ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. ఆమెది ఏటి అవతలి ఊరు. అవతలివాళ్ళను ముఖం చూసి పోల్చలేరు. వాళ్ళ భాష వేరు, నోరు విప్పితేనే పట్టుబడతారు. పిచిక ఆ యాసను చదువుకునే రోజుల్లోనే అరగదీసేసింది. అవతలివాళ్ళకి పళ్ళు తోముకోవడం తెలీదని, సూది చూస్తే ఊరంతా వినపడేలా అరుస్తారని డాక్టరు జోకులేస్తే అందరితో పాటు తనూ నవ్వేది.

ఆమెను పిచిక అని పిలిచేది పిన్ని ఒక్కతే. తల్లి పోయాక పెంచింది ఆవిడే. "మా క్లినిక్‌కి మాత్రం రాకు పిన్నీ, రద్దీ ఎక్కువ" అని పిచిక ఎప్పుడో చెప్పి ఉంచింది. అసలు సంగతి పిన్నికి తెలియకపోలేదు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు, అంతే.

కానీ పంటిపోటు ఎవరి మాట వింటుంది? ఆ మధ్యాహ్నం వాచిన చెంపకి రుమాలు అదిమిపెట్టుకుని పిన్ని తలుపు తోసుకొచ్చింది. బల్ల దగ్గరున్న పిచికను చూసి ఏదో అనబోయింది. ఆ పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేకపోవడం చూసి ఆగిపోయింది.

"పన్ను నొప్పి, మేడమ్" అంది, తనకొచ్చిన రెండు ముక్కల ఈ ఊరిభాషలో.

పిచిక తలదించుకుని కుర్చీ చూపించింది.

డాక్టరు నోట్లోకి లైటు వేసి చూశాడు. పక్కపక్కనే రెండు పళ్ళు నల్లబడి ఉన్నాయి. ముందున్నది బాగా పుచ్చినట్టు కనిపించింది. మత్తుసూది పొడిచి, పట్టుకారు దాని మీదికే పోనిచ్చాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని, మొద్దుబారిన నాలుకతో, తన భాషలో గింజుకుంది.

"అది కాదు బాబూ! దాని వెనకది! వెనకది!"

"ఏమంటోంది ఈవిడ? వీళ్ళ భాష ఎవరికైనా వచ్చా?" అన్నాడు డాక్టరు.

ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని పిచిక ఆయన పక్కనే ఉంది. ప్రతి మాటా వినపడింది. చెప్పేద్దామనే అనుకుంది. కానీ చెబితే తనెవరో బయటపడుతుంది. డాక్టరుకి ఆ మాత్రం తెలియదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

"భయం, అంతే" అంటూ డాక్టరు లాగేశాడు. పన్ను పళ్ళెంలో టక్కున పడింది. పిన్ని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పిచిక వైపు మాత్రం తిరగలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పిన్ని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మత్తు దిగింది, వెనక పన్ను పోటు మళ్ళీ మొదలైంది.

"పిచికా, ఒక్కటడుగుతా, ఏమనుకోకు" అంది. "నేనన్నది నీకు అర్థం కాలేదు కదూ? మన మాట మర్చిపోయావేమోనని, పంటి కంటే దానికే బెంగ పట్టుకుంది నాకు."

ఎంత సుళువైన దారి చూపించింది! అవునంటే ఇద్దరికీ సరిపోయేది.

"అర్థమైంది పిన్నీ. అంతా విన్నాను."

పిన్ని దుప్పటి తల మీదికి లాక్కుంది. ఎన్ని తిట్లు తిట్టినా పిచికకి అంత కష్టమనిపించేది కాదు.

తెల్లారగానే పిన్నిని తనే వెంటబెట్టుకుని వెళ్ళింది. అందరి ముందూ నిలబడి, "ఈవిడ మా పిన్ని, సార్. నేనూ అవతలిదాన్నే. నిన్న పీకించుకోవాలనుకున్నది వెనక పన్ను" అంది.

ఉద్యోగం పోతుందనే అనుకుంది. డాక్టరు ముఖం ఎర్రబడింది.

"మరి నిన్న పక్కనే ఉన్నావు కదమ్మా, ఎందుకు చెప్పలేదు? నా చేత ఆడమనిషికి అన్యాయం చేయించావు కదా!"

మీ జోకుల వల్ల, అనొచ్చు. అందులో నిజమూ ఉంది. కానీ ఆ జోకులకి నవ్వింది తనేనని గుర్తొచ్చి పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆయన రెండో పన్ను జాగ్రత్తగా తీశాడు. జోకేమీ వెయ్యలేదు. పిన్ని చెప్పిన ప్రతి ముక్కా పిచిక ఊరిభాషలోకీ, ఆయన చెప్పినది పిన్ని భాషలోకీ మార్చి చెప్పింది.

బయటికొచ్చాక పిన్ని దూది కరిచిపట్టుకుని ఆమె చెయ్యి అందుకుంది.

"పోన్లేవే, ఎలాగూ పుచ్చిన పన్నే" అంది.

నిన్న తీసిన పన్ను ఇంకో పదేళ్ళు నిలిచేదని డాక్టరు లోపల పిచికతో చెప్పాడు. పిన్నికి ఆ ఒక్కమాటే ఆమె మార్చి చెప్పలేదు.