యాడికి అని అడగని పేజీ

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: దొడ్లో తల్లి లేని రెండు గొర్రెపిల్లలకు సీసాతో పాలు పడుతున్న నాయన కుళ్లాయప్ప, పొయ్యి దగ్గర ఉగ్గానికి బొరుగులు నానేసి పిండుతున్న అమ్మ పుష్పావతి, వాకిలికి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ పాపమ్మ, తన ఇంట్లో ప్లగ్గు పాడైందనే వంకతో ఫోను ఇక్కడ చార్జింగు పెట్టి ఉగ్గాని కోసం కాచుకున్న పక్కింటి బాలప్ప తాత. చివరగా, బీరువా పక్కన, చందన. నలుగురు చేరిన చోట బీరువా పక్కన నిలబడటం ఆ పిల్లకు పాత అలవాటు. చుట్టాలు వచ్చిపోయాక 'మీ అమ్మాయి ఊళ్లో లేదా' అని ఫోను చేసి అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

చందన ఆ రోజు ఎనిమిది నలభై బస్సెక్కి హిందూపురం పోవాలి. ఒక్కతే పోవాలి. పదకొండింటికి అక్కడి కాలేజీలో, ముక్కూమొహం తెలియని యాభై మంది ముందు నిలబడి, తాను చేసిన, ఫోన్లో బస్సుల టైములు చెప్పే పేజీని ఐదు నిమిషాలు చూపించి మాట్లాడాలి. మాట్లాడితే ఆ పేజీని కాలేజీవాళ్లు తమ దగ్గర పెట్టుకుని నడుపుతారు. మాట్లాడకపోతే నెలాఖరుకు అది ఆగిపోతుంది. ఇప్పుడది ఉన్నది పెద్దమ్మ కూతురు శ్రుతికి కాలేజీ ఇచ్చిన కంప్యూటర్ ఖాతాలో, ఆ ఖాతా శ్రుతి చదువుతోపాటే ముగుస్తుంది. తర్వాతి బస్సెక్కితే హిందూపురం చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

నిన్నటి నుంచి చందన కడుపునొప్పి అంటోంది. అమ్మ వాము నమలమని ఇచ్చింది. నమిలింది. లేని నొప్పి కాబట్టి తగ్గలేదు.

ఈ పేజీ కథ ఒక డైరీతో మొదలైంది. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయివచ్చే బస్సులు ఆగే రాతికట్ట వాళ్ల వాకిట్లోకి కనిపిస్తుంది. ఊళ్లో బడిలో ఏడో తరగతి చదివేటప్పుడు చందన డైరీ మొదలుపెట్టింది. తోటి పిల్లలు డైరీల్లో రహస్యాలు రాసుకునేవాళ్లు. చందనకు రహస్యాలు చెప్పేవాళ్లు లేరు, ఆమెకు సొంతంగానూ లేవు. అందుకని బస్సుల గురించి రాసుకుంది. 'శుక్రవారం, 8:52. అద్దం దగ్గర నిమ్మకాయలు కొత్తవి.' 'సోమవారం, 8:34. డ్రైవరు వేరే ఆయన, మీసాలు లేవు.' పదో తరగతికి వచ్చేసరికి అట్లాంటి డైరీలు మూడు నిండాయి. ఏ వారం ఏ బస్సు నిజంగా ఎప్పుడొస్తుందో ఆ ఊరి మొత్తానికి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కానీ ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు, ఆమె చెప్పనూ లేదు.

హిందూపురంలో కంప్యూటర్ చదువుతున్న శ్రుతి సెలవులకు వచ్చి ఆ డైరీలు చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు. వారం తిరక్కముందే వెబ్‌సైటు చేసింది. పైన పెనుకొండ కోట ఫొటో, కింద నాలుగు గడులు, తేదీ ఎంచుకునేందుకు క్యాలెండరు, ఆ కింద పచ్చటి బటను. చూడటానికి పెళ్లిపత్రికలా ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఊళ్లో ఇంటర్నెట్ సిగ్నలు రాతికట్ట ఎక్కితేనే అందుతుంది, అదీ అరకొరగా. కోట బురుజు కనిపించి గోడ కనిపించేలోపు బస్సు వచ్చి వెళ్లిపోయేది.

శ్రుతి లాప్‌టాప్‌లో ఒక నల్ల తెర ఉండేది. బొమ్మలుండవు, బటన్లుండవు. ఒక గీత మినుకుమినుకుమంటూ ఉంటుంది. శ్రుతి ఒక మాట కొడితే అది ఆ పని చేసి, కింద జవాబు రాసి, మళ్లీ గీతై కాచుకునేది. చందన రెండు రోజులు అదే చూస్తూ కూర్చుంది. ఆ తెర ముఖంలోకి చూడదు. 'గట్టిగా చెప్పు' అనదు. నువ్వు మాట పూర్తి చేసి ఎంటర్ కొట్టేదాకా మధ్యలో అడ్డు రాదు. చందన వాక్యం పూర్తయ్యేదాకా ఆగినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు.

మూడో రోజు డైరీలోంచి కాగితం చించి రాసి శ్రుతి చేతిలో పెట్టింది. 'అక్కా, మన పేజీ కూడా ఇట్లే ఉంటే? ఒక మాట చెప్తే ఒక మాట జవాబు. అంతే.'

శ్రుతి పడీపడీ నవ్వింది. లోకమంతా ఆ నల్ల తెర వదిలేసి బటన్లకు వచ్చి ముప్పై ఏళ్లయిందనీ, నువ్వొక్కదానివి వెనక్కి నడుస్తానంటున్నావనీ అంది. అయినా సాయంత్రం ఒక నమూనా చేసి, రాతికట్ట ఎక్కి ఫోన్లో తెరిచి చూసింది. రెప్ప వేసేలోపు తెరుచుకుంది. కట్ట దిగి వచ్చి, తన పాత లాప్‌టాప్ చందన ఒళ్లో పెట్టి, నేర్చుకో అంది.

సెలవులు అయ్యేసరికి పేజీ సిద్ధమైంది. ఊరిపేరు కొట్టినా సరే, మైకు నొక్కి నోటితో చెప్పినా సరే, రాబోయే రెండు బస్సుల టైము చెబుతుంది. 'నిన్న' అంటే, చందన రోజూ చూసి ఎక్కించే లెక్కను బట్టి, నిన్న నిజంగా ఎన్నింటికి వచ్చిందో చెబుతుంది. 'సాయం' అంటే తనకు తెలిసిన మాటలన్నీ వరుసగా చూపిస్తుంది. ఇంకేమడిగినా 'తెలీదు' అంటుంది. మొదటిరోజు బాలప్ప తాత మైకు నొక్కి, ధర్మవరంలో తన కూతురు ఈ పూట కోడి కోసిందా లేదా అని అడిగాడు. పేజీ తెలీదంది. తెలియనిదాన్ని తెలీదని ఒప్పుకునే యంత్రాన్ని ఇన్నేళ్లకు చూశానని తాత సంతోషపడి ఊరంతా చెప్పాడు. బస్సెక్కే వాళ్లందరి ఫోన్లలోనూ శ్రుతి దాన్ని పెట్టించి హిందూపురం వెళ్లిపోయింది.

ఆ పేజీ తెరవగానే, మినుకుమనే గీతకు పైన, చందన ముచ్చటపడి రాసుకున్న ఒక మాట ఉండేది.

'యాడికి?'

మన మాటలో భలే రాశావని శ్రుతి కూడా మెచ్చుకుంది. అక్కడే వచ్చింది తంటా.

ఆ సోమవారం బాలప్ప తాత వేరుశనక్కాయల సంచి భుజానేసుకుని కూతురింటికి బయలుదేరాడు. కట్ట దగ్గరికి పోయి, ధర్మవరం బస్సెప్పుడో చూద్దామని ఫోను తెరిచాడు. ఫోను 'యాడికి?' అంది. తాత ఒక్క క్షణం ఫోను వంక చూసి, సంచి ఎత్తుకుని ఇంటికి తిరిగొచ్చేశాడు. చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, కాసేపు ఆగి మళ్లీ బయలుదేరాడు. బయటికి పోతున్న మనిషిని యాడికి అని అడిగితే ఆ పని కాదు, ఎవరైనా అడిగితే వెనక్కొచ్చి కూర్చుని నీళ్లు తాగి పోవాలి. ఇది ఆ ఊళ్లో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ తెలుసు. తాత కట్ట చేరేసరికి బస్సు పోయింది. తర్వాతి బస్సు ఎప్పుడో చూద్దామని ఫోను తెరిచాడు. ఫోను మళ్లీ అడిగింది.

సాయంత్రానికి మూడు బస్సులు పోయాయి, తాత ఏడు చెంబుల నీళ్లు తాగాడు, వేరుశనక్కాయల సంచి ఊళ్లోనే ఉంది. ఆ వారంలో తాతలాగా ఇంకో పదిమంది. టైముకు బస్సెక్కించడానికి పుట్టిన పేజీ ఊళ్లో సగంమందిని బస్సెక్కకుండా చేసింది. చివరికి తాత వచ్చి అవ్వ ముందు పంచాయితీ పెట్టాడు.

"అక్కా, నీ మనవరాలు నోట్లోంచి మాట రాని పిల్ల అనుకుంటిమి. ఊళ్లో ఎవురు గడప దాటినా యాడికి యాడికి అని అడుగుతాండాది."

చందన బీరువా పక్కనే ఉంది. అయిదేళ్ల వయసులో, గొర్రెల సంతకు పోతున్న నాయనను ఆ మాట అడిగి అవ్వ చేత మొట్టికాయ తిన్న సంగతి ఆమెకు బాగా గుర్తుంది. అయినా ఈ మాట రాసేటప్పుడు అది తట్టనే లేదు. రాయడం వేరు, అడగడం వేరు అనుకుంది. మాట్లాడకుండా తప్పించుకోవడానికే కదా ఇన్నేళ్లూ రాసింది.

"నేను అడగలేదు తాతా. రాసినా, అంతే," అంది, వినీ వినబడనట్టు.

"నువ్వు రాస్తివి, నేను చదివితి. ఇంగ అడిగినట్టు గాక ఏమి పాపా?" అన్నాడు తాత. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

చందన అవ్వ వైపు తిరిగింది. మరి ఏమని అడగాలని అవ్వనే అడిగింది. అవ్వకు చదువు రాదు, కంప్యూటరంటే ఆ నల్ల పలకేనని ఆమె నమ్మకం. అయినా చప్పున చెప్పేసింది.

"అడగొద్దు. నోరు మూసుకోని కాచుకోమను. పొయ్యేవాళ్లకే గదా అవసరం, వాళ్లే చెప్తారు."

చందన ఆ మాట తీసేసింది. ఇప్పుడు పేజీ తెరిస్తే నల్లటి తెర మీద గీత ఒక్కటే, మినుకుమినుకుమంటూ, మర్యాదగా. ఊరిపేరు చెప్పినవాళ్లకు టైము చెప్పి, ఆ పక్కన ఒకే మాట రాస్తుంది: 'పోయిరా.' అది కూడా అవ్వ సలహానే. సాగనంపేటప్పుడు పో అనకూడదు కదా.

బాలప్ప తాత మర్నాడే ధర్మవరం చేరాడు. నెల తిరిగేసరికి చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు వాడుతున్నారు. ఎవరేం అడిగారో లాప్‌టాప్‌లో వరుసగా పడుతుంది. చందన రోజూ కట్ట ఎక్కి అది చదివేది. 'పెనుకొండ.' 'నిన్న.' 'హిందూపురం.' 'అన్నం తిన్నావా.' అన్నం తిన్నావా అన్నవాళ్లకు తెలీదు అని జవాబు పోవడం ఆమెకు బాగాలేదనిపించి, 'తిన్నా. మీరు?' అని చేర్చింది. తాత అన్నట్టు ఇది మాట్లాడటమే అయితే, ఆ నెలలో ఆమె మాట్లాడినంత ఊళ్లో ఇంకెవరూ మాట్లాడి ఉండరు. ఆ సంగతి డైరీలో రాసుకుని, భయమేసి, పేజీ తిప్పేసింది.

శ్రుతి ఈ కథంతా తన కాలేజీలో చెప్పింది. అక్కడి మేడం విని, పేజీని ఉంచుకుంటాం, కానీ చేసిన పిల్లే వచ్చి చూపించాలి అంది. నాయన తోడు వస్తానన్నాడు. వద్దు చిన్నాయనా, నువ్వొస్తే నీ వెనక దాక్కుంటుంది, హిందూపురం బస్టాండులో నేనుంటా అంది శ్రుతి ఫోన్లో.

అందుకే ఈ శనివారం. ఎనిమిది ఇరవైకి చందన నాలుగు మెతుకుల ఉగ్గాని తిని, లాప్‌టాప్ సంచి తగిలించుకుని, గడప దాటింది. వాకిట్లో వేపచెట్టు దగ్గర ఆగి చెప్పు పట్టీ సర్దుకుంది. మళ్లీ విప్పి సర్దుకుంది. మూడోసారి సర్దుకుంటుండగా ఈరన్న మామ స్కూటరు మీద పాల క్యాన్లతో వచ్చాడు.

"ఏం పాపా, పొద్దున్నే సంచి తగిలించుకోని యాడికి?"

చందన ప్రాణం లేచొచ్చింది. గబగబా ఇంట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, ఈరన్న మామ అడిగాడని చెప్పింది. అడిగాక ఇంకేం చేస్తారు. నాయన తల గోక్కున్నాడు. అమ్మ గడియారం చూసింది. బాలప్ప తాతకు ఈ బాధ ఎలాంటిదో తెలుసు కాబట్టి సానుభూతిగా దగ్గాడు.

అవ్వ తనే లేచి నీళ్లు తెచ్చింది. చెంబులో రెండు గుక్కలే ఉన్నాయి. చందన ఆ రెండు గుక్కలనే ఆరు గుక్కలు చేసి తాగింది. ఎనిమిదిన్నర. శనివారం బస్సు ఒక్కోసారి ఆరు నిమిషాలు ముందే వస్తుందని ఈ ఇంట్లో చందనకు తప్ప ఎవరికీ తెలీదు.

లేచి మళ్లీ గడప దాటింది. మళ్లీ వేపచెట్టు. ఎదురింటి మునెమ్మ బిందెతో వస్తోంది. చందన ఆమె దగ్గరికి రెండడుగులు వేసి, ఆమె ముఖంలోకి ఆశగా చూసి, వెనక్కి తిరిగి వచ్చేసింది. గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది, రెండు తలుపుల మీదా రెండు చేతులు పెట్టి.

"అవ్వా, మునెమ్మత్త అడిగింది."

"మునెమ్మ నోటినిండా ఆకూవక్కా ఉండాది. అది మధ్యాన్నం దాకా ఎవుర్నీ ఏమీ అడగదు," అంది అవ్వ.

చందన తల దించుకుంది. దూరంగా మలుపు దగ్గర హారను వినిపించింది. ఆ హారను ఏ బస్సుదో ఆమెకు చూడకుండానే తెలుసు.

"నాకు మాటలు రావవ్వా," అంది, ఆ పొద్దున మొదటిసారి ఒక నిజం చెబుతూ.

"ఆ బాలప్పకు ఏడు చెంబులు తాపిచ్చినావు, మాటలు రావంటావా?" అవ్వ కొంగులోంచి డైరీ తీసి ఆమె చేతిలో పెట్టింది. బీరువా పక్కన మరిచిపోయినట్టు వదిలేసి వచ్చిన డైరీ అది, మూడోసారి వెనక్కి రావడానికి దాచుకున్న సాకు. "ఇంగ ఎవురడిగినా అడగనీ. ఇంట్లో నీళ్లు అయిపోయినాయి. పోయిరా."

అని, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఆచారం ఒక్కసారి కూడా తప్పని పాపమ్మవ్వ, మనవరాలి ముఖం మీదే రెండు తలుపులూ మూసి గడియ పెట్టేసింది.